కాలు పెట్టని మడి

ఇల్లు కట్టి మేస్త్రీలు వెళ్లిపోయాక పెరట్లో పద్నాలుగు తాండూరు బండలు మిగిలాయి. రెండడుగుల చదరపు పలకలు. రెండింటికి మూలలు విరిగాయి, తక్కినవి గట్టిగానే ఉన్నాయి. గోడకు ఆనించి పెట్టి మర్చిపోయాం. వాటితో ఏం చేయాలో 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన చెప్పింది.

ఆ ఏడు లాక్‌డౌన్‌లో చాలామందిలాగే మేమూ పెరటి తోట మొదలుపెట్టాం. పటాన్‌చెరు దాటాక మా కాలనీ. నేల నల్లరేగడి. ఇంటి వెనక పన్నెండడుగుల జాగాను గునపంతో తవ్వి, నేలబారునే చాళ్లు తీసి వంగ, టమాటా, మిరప నారు పెట్టాం. వంగ పూతకొచ్చింది, మిరప పిందె పట్టింది. ఆ రాత్రి బేగంపేటలో కొలిచిన వానే 24 గంటల్లో 190 మిల్లీమీటర్లు దాటింది. హైదరాబాదులో ఏడాదంతా కలిపి పడేది సుమారు 800. పొద్దున తలుపు తీస్తే పెరడు చెరువు. నీళ్లు తీయడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు మొక్కలన్నీ మే నెల ఎండకు వాడినట్టు తలలు వేలాడేశాయి. కాళ్ల కింద అంత తడి ఉండగా మొక్క దాహంతో చనిపోవడం అప్పుడే చూశాను.

వేరుకు నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య సందుల్లోని గాలిని నీరు తోసేస్తే వేరు ఊపిరాడక పని మానేస్తుంది. పని మానేసిన వేరు ఆకుకు నీరు పంపలేదు. రేగట్లో ఈ బాధ మరీ ఎక్కువ. అందులోని బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చేయి దూరేంత నెర్రెలిస్తుంది. ఉబ్బినప్పుడు సందులన్నీ మూసుకుపోతాయి, పైన నిలిచిన నీరు కిందికి దిగదు.

అమ్మ గుంటూరు వైపు పల్లెలో పుట్టింది. ఆ దసరాకు మా ఇంటికొచ్చి, కుళ్లిన వంగ మొక్కలు పీకుతున్న నన్ను చూసి, “రేగట్లో నేలబారున నారు పెట్టావేంట్రా! తాతయ్య నారుమడి ఎంత ఎత్తున కట్టేవాడో చూళ్లేదూ?” అంది.

చూశాను. చూసీ మర్చిపోయాను. మిరప రైతులందరికీ తెలిసిన పనే అది. నారుమడిని మీటరు వెడల్పున, జానెడు ఎత్తున కట్టి, చుట్టూ నీరు పోయేందుకు కాలువ తీస్తారు. ఎంత వాన పడినా నారు వేళ్లు మునగవు. మడికి అటూ ఇటూ కూర్చుని కలుపు తీసేవాళ్ల చెయ్యి నడిమధ్య దాకా అందాలి, అందుకే మీటరు వెడల్పు. దుంప కుళ్లకుండా పసుపునూ ఇలాగే ఎత్తు మడుల మీద వేస్తున్నారు.

మా కాలనీకి దగ్గర్లోనే ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. నల్లరేగడిలో రైతులు వానాకాలమంతా నేలను బీడు పెట్టి, వానలు వెనకబట్టాక మిగిలిన పదునుతో యాసంగి పంట ఒక్కటే వేసుకోవడం ఆ శాస్త్రజ్ఞులు గమనించారు. వాన నీరు నిలిచి, మడక దిగక, రైతు చేసేది లేక నేలను అలా వదిలేసేవాడు. 1976లో అక్కడే ఒక చిన్న వాలు మీద, మీటరు వెడల్పు ఎత్తు మడి, పక్కన అరమీటరు కాలువ, మళ్లీ మడి, మళ్లీ కాలువ, ఇలా నేలను తీర్చి సాగు మొదలుపెట్టారు. పక్కనే పాత పద్ధతి పొలాన్నీ ఉంచి దశాబ్దాల తరబడి రెంటినీ పోల్చి చూశారు. పాత పద్ధతిలో హెక్టారుకు టన్ను దగ్గర ఆగిన ధాన్యం, కొత్త పద్ధతిలో సగటున ఐదు టన్నుల దాకా వెళ్లింది. ఇదంతా మడి ఎత్తు వల్లే జరిగిందనను. మంచి విత్తనం, ఎరువు, ఏడాదికి రెండు పంటలు అన్నీ కలిసిన ఫలితం అది. కానీ వానాకాలంలో ఆ నేల మీద పంట నిలబడడానికి వీలు కల్పించింది మాత్రం మడే. ఇంత దగ్గర్లో ఉన్న చదువును వదిలేసి నేను ఫోనులో చలిదేశాల వీడియోలు చూస్తూ కూర్చున్నాను.

ఆ వీడియోల్లో చూపించే దేవదారు చెక్క పెట్టెలు కళ్లకు బాగుంటాయి. మంచు కురిసే దేశాల్లో ఎత్తు మడికి మొదటి ప్రయోజనం వెచ్చదనం. చలి విడిచే రోజుల్లో నేలకంటే మడి ముందుగా వేడెక్కుతుంది, వాళ్లు కొన్ని వారాల ముందే విత్తనం వేసుకోగలుగుతారు. మనకు వెచ్చదనంతో పనిలేదు. మన మడికి ఎత్తు వాన కోసం. ఈ తేడా మనసులో ఉంచుకుంటే ఎంత ఎత్తు కట్టాలి, దేంతో కట్టాలి అన్నవాటికి జవాబులు వాటంతటవే దొరుకుతాయి.

పన్నెండు బండలతో

నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. చుట్టుకొలత 24 అడుగులు. రెండడుగుల బండలు సరిగ్గా పన్నెండు. చుట్టూ కందకం తీసి, ఒక్కో బండను తొమ్మిది అంగుళాలు లోపలికి దించి నిలబెట్టాం. పైకి పదిహేను అంగుళాలు మిగిలింది. అంత లోతు దించకపోతే తడిసిన మట్టి బరువుకు బండ బయటికి ఒరుగుతుంది. మొదటిసారి ఆరు అంగుళాలే దించి, ఒక వానకే రెండు బండలు వాలిపోతే మళ్లీ తవ్వాల్సి వచ్చింది. బండకూ బండకూ మధ్య సిమెంటు పూయలేదు. ఆ సన్నని సందుల్లోంచే ఎక్కువైన నీరు బయటికి పోతుంది.

బండలు లేనివాళ్లు ఇటుకతో కట్టుకోవచ్చు. ఇదే కొలతకు, అడుగు ఎత్తుకు, నాలుగంగుళాల గోడకు 100 నుంచి 120 ఇటుకలు పడతాయి. అట్టడుగు వరుసలో రెండడుగులకొక చోట ఇటుకల మధ్య సందు వదలాలి. సిమెంటు పని అయితే వారం పాటు తడిపి, ఆ తర్వాతే మట్టి నింపాలి. కడపవైపు నల్ల బండలు చవకగా దొరుకుతాయి. గోదావరి జిల్లాల్లో కొబ్బరి మొద్దులనో తాటి మొద్దులనో అడ్డంగా పడుకోబెట్టి మడి కడతారు, కొన్నేళ్లకు అవే చివికి మట్టిలో కలుస్తాయి. పాత ప్యాకింగు చెక్కలు మాత్రం నేను వద్దంటాను. మన నేలలో చెదలు వాటిని రెండు వానాకాలాలు దాటనివ్వవు. పైగా ఆ చెక్కకు ఏ మందు పూశారో మనకు తెలియదు. తినే కూర పండే చోట అలాంటిది పెట్టలేం.

నాలుగడుగుల వెడల్పు ఎందుకంటే నారుమడికి చెప్పిన కారణమే. రెండు వైపుల నుంచీ రెండేసి అడుగులు చెయ్యి అందుతుంది. గోడ వారగా కట్టేటట్టయితే రెండడుగులు మించకూడదు. మడికీ మడికీ మధ్య కనీసం అడుగున్నర బాట. బాట విషయంలో పిసినారితనం చేసినవాళ్లు తట్ట పట్టుకుని అటు తిరగలేక, చివరికి మడిలోనే అడుగు పెడతారు.

అడుగుభాగం ఎప్పుడూ నేలకు తెరిచే ఉండాలి. కింద ప్లాస్టిక్ పట్టా పరిస్తే మడి తొట్టిగా మారిపోతుంది, వానపాము పైకి రాదు, వేరు కిందికి పోదు. బండలు పాతకముందే లోపలి నేలను గునపంతో అడుగు లోతు పెళ్లగించాం. అక్కడ బయటపడినవి చూస్తే కొత్త ఇళ్ల పెరళ్లలో మొక్కలు ఎందుకు బతకవో అర్థమైంది. గట్టిపడ్డ సిమెంటు ముద్దలు, సున్నం, టైల్సు ముక్కలు, రంగు డబ్బా మూత. సున్నం కలిసిన మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు, లేతాకులు పసుపు తిరుగుతాయి. ఏరగలిగినంత ఏరేశాం. ఏరలేనిదాని మీద అడుగు మందాన మంచి మట్టి పడింది. ఇల్లు కట్టిన స్థలంలో ఎత్తు మడికి ఇంకో ఉపయోగం ఇదే.

తట్టల లెక్క

నాలుగు ఇంటూ ఎనిమిది ఇంటూ అడుగు అంటే 32 ఘనపుటడుగులు. పైన రెండు మూడు అంగుళాలు ఖాళీ ఉంచాలి గనుక మా పదిహేనంగుళాల మడికీ సుమారు ఇదే లెక్క. కానీ తెప్పించేటప్పుడు 40 తెప్పించుకోవాలి. మొదటి వానకే మట్టి కొన్ని అంగుళాలు కుంగుతుంది. కుంగిందని కంగారు పడనక్కర్లేదు, పైన కంపోస్టు పోసుకుంటూ పోతే చాలు.

రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు మాగిన పశువుల ఎరువు, ఒక వంతు ఆకుల కంపోస్టు. ఎర్రమట్టి మరీ గట్టిదైతే ఇంకొంచెం కొబ్బరి పొట్టు. నాలుగైదు కిలోల వేపపిండి. మాగిన ఎరువు అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఎరువమ్మిన మనిషి మాట నమ్మి, సగం మాగిన పేడను మేం మొదటి మడిలో కలిపాం. మడి లోపల చేయి పెడితే వేడి. నెల తిరక్కుండా తెల్లని లావుపాటి వేరుపురుగులు తయారయ్యాయి, బెండ మొక్కలు ఒక్కొక్కటే పడిపోయాయి. మాగిన ఎరువుకు పేడ వాసన ఉండదు, వాన పడిన నేల వాసన వస్తుంది. పిడికిట పడితే పొడిపొడిగా రాలుతుంది. అప్పటినుంచీ ట్రాలీ దించకముందే పిడికెడు తీసి వాసన చూస్తాను.

అలాగే పచ్చి రంపపు పొట్టు మట్టిలో కలపొద్దు. అది చివికేటప్పుడు మట్టిలోని నత్రజనిని సూక్ష్మజీవులు తమకే వాడేసుకుంటాయి, మొక్కకు మిగలదు. ఎండుటాకులు, కొబ్బరి పీచు, అరటి బోదె ముక్కలు అడుగున పరవొచ్చు. కిందకు వేరు చేరేసరికి అవి మట్టవుతాయి.

కొన్న మట్టి ఎలాంటిదో తెలుసుకోవడానికి ఒక గాజు సీసా చాలు. మూడో వంతు మట్టి, పైన నీళ్లు పోసి బాగా గిలకొట్టి కదలకుండా పెట్టాలి. ఒకటి రెండు నిమిషాల్లో ఇసుక అడుగున చేరుతుంది. రెండు గంటల్లో ఒండ్రు దాని మీద పేరుకుంటుంది. బంకమన్ను దిగడానికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మూడు పొరల మందం చూస్తే మీ మట్టి ఏ జాతో తెలిసిపోతుంది.

అమ్మ పెట్టిన నియమం

మడి నిండింది. అటు మూలన చెత్త ఏదో కనబడి, తీసేద్దామని ఒక కాలు లోపల పెట్టాను. “కాలు తియ్యరా!” అని అమ్మ కేకేసింది. చిన్నప్పుడు గాలిపటం కోసం తాతయ్య నారుమడిలో దిగినప్పుడు కూడా ఇంత గట్టి కేక వినలేదు.

పండగల్లో అమ్మమ్మ మడి కట్టుకుంటే మేం దగ్గరికి పోయేవాళ్లం కాదు. మనిషిని మనిషి తాకకూడదనే ఆ మడి నాకు ఎప్పుడూ నచ్చలేదు. పెరట్లో ఈ మడిని మాత్రం అంత నిష్ఠగానూ పాటిస్తున్నాను. ఎత్తు మడిలో బండలూ ఇటుకలూ కావు, అసలు సంగతి ఇదే: ఆ మట్టి మీద ఇక ఎవరి కాలూ పడదు. మనిషి బరువంతా ఒక్క పాదం కిందికి దిగినప్పుడు, వానపాములు, వేళ్లు, బూజుతీగలు నెలల తరబడి తీర్చుకున్న సందులన్నీ ఒక్కసారిగా నలిగిపోతాయి. వాటి కోసమే కదా మనం ఇంత ఎత్తు కట్టింది! తొక్కని మట్టికి ఏటా దున్నకం అక్కర్లేదు. పంట తీశాక మొక్కను పీకకుండా మొదలు కోసి, వేరును లోపలే వదిలేస్తాను. వేరు చివికిన చోట నీరూ గాలీ దిగే గొట్టం మిగులుతుంది. ఇప్పుడు మా మొదటి మడిలో పార అవసరం లేదు, చేయి పెడితే మణికట్టు దాకా దిగుతుంది. బాటలోని మట్టి తొక్కిన రేగడి, దాని మీదా అదే ఎండ, అదే వాన. అక్కడ గునపం కూడా ఠంగుమంటుంది.

లోపలికి తప్పనిసరిగా వంగాల్సి వస్తే, బండల మీద ఒక పలక అడ్డంగా వేసి దాని మీద కూర్చుంటాం. పిల్లలకు, కుక్కకు, గ్యాస్ బండ తెచ్చే అబ్బాయికి, అందరికీ ఇదే నియమం.

ఎండాకాలం

వానలో రక్షించిన ఎత్తే మేలో శత్రువవుతుంది. నాలుగు పక్కలా గాలి, ఎండ తగిలే మడి నేలకంటే త్వరగా ఆరిపోతుంది. బండ కూడా కాలుతుంది, అంచున ఉన్న వేళ్లు మాడతాయి. మేం మూడు పనులు చేశాం. మట్టి మీద నాలుగంగుళాల మందాన ఎండుగడ్డి, ఆకులు కప్పాం. మెరుగు లేని మట్టి కుండలు రెండు మెడ దాకా పాతి, మూత పెట్టి, రెండు మూడు రోజులకోసారి నింపుతున్నాం. కుండ గోడల్లోంచి ఊరే చెమ్మ చుట్టూ వేళ్లకు అందుతుంది, పైమట్టి పొడిగానే ఉంటుంది గనుక కలుపూ తక్కువ. మూడోది, పడమటి వైపు బీర, దొండ పందిరి. పందిరి ఉత్తరాన వేయాలని పుస్తకాల్లో రాసి ఉంటుంది, చలికాలపు ఎండకు అది సరైనదే. కానీ మన దగ్గర మేలో సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడు, మొక్కను చంపేది మధ్యాహ్నం మూడింటి పడమటి ఎండ.

అందుకే అనంతపురం మిత్రులకు నేను ఎత్తు మడి కట్టమని చెప్పను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, నీరు చిటికెలో ఇంకిపోయే ఎర్ర చెల్కలో, మడిని నేలకంటే జానెడు పల్లంగా తీసి చుట్టూ గట్టు పోసుకోవాలి. పడిన ప్రతి చుక్కా మొక్క దగ్గరికే చేరుతుంది. అనుమానమున్నవాళ్లు అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లతో నింపి చూడండి. మర్నాటికీ నీరు నిలిచి ఉంటే ఎత్తు మడి, గంటలో ఇంకిపోతే పల్లపు మడి.

రేగడి విషయంలో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. మా చెల్లి టెక్సస్‌లో డాలస్ దగ్గర ఉంటుంది. తన పెరటి ఫొటో పంపితే మా పటాన్‌చెరు నేలే అనుకున్నాను. అవే నెర్రెలు, అదే నలుపు. అక్కడి నల్లమట్టి మైదానాలూ, మన దక్కను రేగడీ శాస్త్రజ్ఞుల లెక్కలో ఒకే జాతి, వర్టిసాల్. ఆ నేలలో తెలుగు కుటుంబాలు ఎత్తు మడులు కట్టి గోంగూర, దోస, చిక్కుడు పండిస్తున్నాయి. గోంగూర అక్కడి వేసవికి గుబురుగా పెరుగుతుంది. చిక్కుడుతోనే పేచీ. పగలు కురచ అయితే తప్ప నాటు చిక్కుడు పూయదు. వాళ్లకు పగలు కురచయ్యేసరికి, నవంబరులో మంచు తరుముకొస్తుంది. ఒకటి రెండు నెలల్లో కోసుకున్నన్ని కోసుకోవాలి.

మన దగ్గర ఆ తొందర లేదు. ఆషాఢంలో గింజ పెడితే కార్తీకంలో పూత. సంక్రాంతికి కూర, రథసప్తమికి చిక్కుడుకాయల రథం. ఆ రోజు పరమాన్నం పెట్టే చిక్కుడాకులు పెరట్లోవే అయితే అమ్మ ముఖం చూడాలి.

మిద్దె మీద అయితే

పెరడే లేనివాళ్ల కోసం మిద్దెతోట ఉంది. ఆ మాటను ఇంటింటికీ చేర్చడంలో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి పాత్ర పెద్దది. అయితే మడి కట్టేముందు ఒక లెక్క వేసుకోండి. మనుషులు తిరిగే డాబా మీద చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువుకు రూపకల్పన చేయాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. తడిసిన మామూలు మట్టి అడుగు మందాన పోస్తే చదరపు మీటరుకు 500 కిలోలు. మూడు రెట్లకు పైనే! కాబట్టి డాబా నడిమధ్య మట్టి మడి కట్టడం ప్రమాదం. దూలాల మీదుగా, గోడల వారగా, కొబ్బరి పొట్టు ఎక్కువ కలిపిన తేలిక మిశ్రమంతో, స్లాబుకు తగలకుండా కింద గాలి ఆడేలా ఇటుకల మీద లేపి కట్టాలి. ముందు ఇంజినీరుకు చూపించాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

మిద్దె మీదైనా పెరట్లోనైనా, ఏం వేయాలన్నది ఇంటి నోటిని బట్టి ఉంటుంది. మాకు మొదట తోటకూర. ఇసుకలో కలిపి చల్లితే నెలలోపే కోత. బెండ నలభై ఐదు రోజులకు కాపుకొస్తుంది. పల్లాకు తెగులుతో విసిగినవాళ్లు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క అనామిక వేసి చూడొచ్చు. టమాటా ఎండాకాలం పూత నిలపదు, ఆగస్టు, సెప్టెంబరుల్లో నారు పోసుకోవాలి. వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబం గనుక ఒకదాని తర్వాత ఒకటి అదే మడిలో వేయను. మధ్యలో చిక్కుడో గోంగూరో వేస్తాను. అంచు వెంట బంతి పెడితే వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగు తగ్గుతుంది. పేనుబంకకు లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు, సాయంత్రం పూట. పదిహేను రోజులకోసారి జీవామృతం. ఇరవై లీటర్ల నీటిలో కిలో పేడ, లీటరు ఆవు పంచకం, రెండొందల గ్రాముల చొప్పున బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో రెండు రోజులు ఉంచి, పూటపూటా కర్రతో కలపాలి.

ఇప్పుడు రోహిణి కార్తె నడుస్తోంది. ఈసారి మూడో మడి కడుతున్నాం, ఇటుకతో. నిన్నటికి తడపడం పూర్తయింది. మృగశిర ఇంకా పన్నెండు రోజులుంది. మట్టీ ఎరువూ కలిపి, తడిపి, కనీసం వారం మాగనిచ్చి గానీ విత్తనం పెట్టకూడదు, అంటే ఇదే ఆఖరి అదను. ట్రాక్టరు రేపు పొద్దున ఆరింటికి వస్తుంది. అమ్మ ఇప్పటికే గుమ్మం పక్కన కుర్చీ వేయించుకుంది. ఎరువు వాసన తనే చూస్తుందట.